అనంతపురం కరువు సీమలో యాంటీబయాటిక్‌లు: వాడకం చరిత్ర

ఉద్దేశం

ఈ పాఠం చదివిన తరువాత మీరు మూడు విషయాలను వివరించగలుగుతారు. యాంటీబయాటిక్ మందులు అనంతపురం వంటి కరువు ప్రాంతపు పల్లెలకు ఎలా చేరాయి? 1961లో ఈ జిల్లాలో మొదలైన క్షయ కార్యక్రమం నుంచి మనం ఏం తెలుసుకోవచ్చు? గొంతునొప్పి, దగ్గు, విరేచనాలు, మూత్రంలో మంట వంటి మామూలు జబ్బులకు ఈ మందులను తప్పుగా వాడటం వెనుక ఉన్న సామాజిక, ఆర్థిక కారణాలేమిటి?

1. పరిచయం

మందుల చరిత్ర అనగానే ప్రయోగశాలలు, నోబెల్ బహుమతులు గుర్తుకొస్తాయి. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ బూజు పట్టిన గాజు పళ్ళెంలో పెన్సిలిన్ ప్రభావాన్ని గమనించిన సంగతి మీరు పాఠశాలలోనే చదివి ఉంటారు. అయితే మందును కనుగొన్న చరిత్ర వేరు, మందును మింగిన చరిత్ర వేరు. రెండోదానికి ఆధారాలు తక్కువ. చీటీ లేకుండా షాపులో కొన్న నాలుగు బిళ్ళలకు ఏ దస్తావేజులోనూ చోటు ఉండదు. అందుకే ఈ చరిత్రను చట్టాలు, ఆరోగ్య కార్యక్రమాల నివేదికలు, మన ఇళ్ళలోని జ్ఞాపకాలు కలిపి చూసుకుంటూ రాయవలసి వస్తుంది.

ముందు ఒక నిర్వచనం. బాక్టీరియాను చంపే, లేదా పెరగనివ్వని మందులను యాంటీబయాటిక్‌లు అంటాం. జలుబు, ఫ్లూ, డెంగీ వంటివి వైరస్‌ల వల్ల వస్తాయి. వాటి మీద ఇవి పనిచేయవు. క్షయ మందుల్లో స్ట్రెప్టోమైసిన్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చినది, ఐసోనియాజిడ్ రసాయనాలతో తయారుచేసినది. శాస్త్రపరంగా తేడా ఉన్నా, వాడకం చరిత్ర దృష్టితో ఇక్కడ రెండింటినీ కలిపే చూస్తాం. అలాగే ఈ పాఠంలో అనంతపురం జిల్లా అంటే 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా విడిపోకముందున్న ఉమ్మడి జిల్లా అని గ్రహించండి.

మన ప్రశ్న ఇది. అవసరం లేని చోట మందు మొదలుపెట్టడం, అవసరమున్న చోట మధ్యలో మానేయడం, ఈ రెండు తప్పులూ ఒకే ఊళ్ళో, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఎందుకు జరుగుతాయి? "పల్లె జనానికి తెలియక" అనే జవాబు చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. ఆ జవాబు సరిపోదని ఈ జిల్లా చరిత్రే చెబుతుంది.

2. కరువు, జ్వరం, కూలి

1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దత్తమైన జిల్లాల్లో ఈ ప్రాంతం ఒక భాగం. 1882లో బళ్ళారి నుంచి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పరిచారు. అంతకు ఆరేళ్ళ ముందు వచ్చిన 1876–78 నాటి ధాత కరువులో ఆకలితో పాటు కలరా, జ్వరాలు కూడా ఊళ్ళను ఊడ్చిపెట్టాయి. తిండి లేని ఒంటికి జబ్బు త్వరగా తగులుతుంది, నీళ్ళు తక్కువైన చోట ఉన్న నీళ్ళే మురికి అవుతాయి. కరువూ జబ్బూ కలిసే వస్తాయని ఈ సీమకు అప్పటికే తెలుసు.

పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉండటం వల్ల నైరుతి రుతుపవనాలు ఇక్కడికి వచ్చేసరికి బలహీనపడతాయి. తూర్పు తీరానికి దూరం కావడంతో ఈశాన్య రుతుపవనాలూ అంతగా అందవు. ఏడాది సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ ఒక క్రమంలో పడదు. లక్షల హెక్టార్లలో వేసే వేరుశనగకు వాన పడ్డాక విత్తడానికి దొరికేది కొద్ది రోజులే. ఆ రోజుల్లో జ్వరం వచ్చిన రైతు మంచం మీద పడుకుంటే పోయేది ఒక రోజు కాదు, ఆ ఏటి పంట. కూలీకైతే చేయని రోజుకు కూలి లేదు. బెంగళూరుకు వలస వెళ్ళిన తాపీ కూలీది ఇంకా కష్టమైన పరిస్థితి: పని మానితే ఆ చోటే పోవచ్చు.

"మూడు రోజులు విశ్రాంతి తీసుకో, నీళ్ళు బాగా తాగు, అదే తగ్గుతుంది" అని డాక్టరు చెబితే శాస్త్రపరంగా అది మంచి సలహాయే. ఈ సీమలో విశ్రాంతి, నీళ్ళు రెండూ ఖరీదైన వస్తువులు. వాటికి బదులుగా చవకగా దొరికేది బిళ్ళ. ఈ సంగతి మనసులో పెట్టుకుని మిగతా పాఠం చదవండి.

3. మందులు వచ్చిన దారి

1930ల చివర్లో సల్ఫా మందులు, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెన్సిలిన్ వాడకంలోకి వచ్చాయి. 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే ఫ్లెమింగ్ ఒక హెచ్చరిక చేశాడు. ఊహాజనితమైన ఒక మనిషి గొంతునొప్పికి తానే పెన్సిలిన్ కొని, చాలినంత వాడక, క్రిములకు మందును తట్టుకోవడం నేర్పి, ఆ క్రిములను భార్యకు అంటించి ఆమె చావుకు కారణమయ్యే ఉదాహరణ అది. అందులో క్రిమి విషయంలో ఫ్లెమింగ్ అంచనా తప్పింది. గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ ఈనాటికీ పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉంది. మనిషి విషయంలో మాత్రం తప్పలేదు. షాపులో తానే కొని, చాలీచాలకుండా వాడే ఆ మనిషి ప్రపంచంలో ప్రతి ఊళ్ళోనూ ఉన్నాడు.

ఇక్కడ తెలుగువారి పాత్ర ఒకటి ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న కాలంలో, అక్కడ పనిచేస్తున్న బెంజమిన్ డగ్గర్ మిస్సోరి మట్టి నమూనా నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశాడు. 1948లో అది లోకానికి వెల్లడైంది. ఆ ఏడే సుబ్బారావు మరణించారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే మొదటి మందు. ఆ కుటుంబంలోని డాక్సీసైక్లిన్ గురించి తరువాత మళ్ళీ చెప్పుకుంటాం.

స్వతంత్ర భారతంలో 1954లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్‌ల సాయంతో పుణె దగ్గర పింప్రిలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ ఏర్పడింది. 1961లో ఐడీపీఎల్ వచ్చింది. సోవియట్ సహకారంతో రుషికేశ్‌లో యాంటీబయాటిక్‌ల కర్మాగారం, హైదరాబాద్ బాలానగర్‌లో సింథటిక్ మందుల కర్మాగారం నెలకొన్నాయి. 1970 నాటి పేటెంట్ల చట్టం 1972 నుంచి అమల్లోకి రావడంతో కొత్త మందులను మన కంపెనీలు వేరే పద్ధతుల్లో తయారుచేసి తక్కువ ధరకు అమ్మగలిగాయి. ఇది పేదవాడికి నిజమైన మేలు. న్యుమోనియాతో చనిపోవలసిన మనిషి బతికాడు, పురుడు పోసుకున్న తల్లి సూతికా జ్వరం నుంచి లేచింది. అతివాడకం గురించి మాట్లాడేటప్పుడు ఈ మేలును మరిచిపోయే వ్యాసాలు ఎక్కువ. మందు అందక చచ్చిపోయిన తరం జ్ఞాపకం ఉన్న ఇంట్లో, మందు వద్దనే మాట అంత తేలికగా ఎక్కదు.

4. 1961: అనంతపురం నమూనా

స్ట్రెప్టోమైసిన్ 1943లో దొరికింది. బ్రిటన్‌లో 1948లో ప్రచురించిన పరీక్షలో రోగులు మొదట బాగా కోలుకున్నారు. కొద్ది నెలల్లోనే చాలామందిలో క్షయ క్రిములు ఆ మందుకు లొంగడం మానేశాయి. ఒకే మందు చాలదు, రెండో మూడో కలిపి, నెలల తరబడి వాడాలి అనే సూత్రం అక్కడ పుట్టింది. యాంటీబయాటిక్‌లతో ముడిపడిన "కోర్సు పూర్తి చేయాలి" అనే మాటకు క్షయ ఒక ముఖ్యమైన మూలం.

అప్పటిదాకా క్షయకు వైద్యమంటే శానిటోరియం. అనంతపురానికి పొరుగున మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం దక్షిణాదిలో పేరున్న శానిటోరియం. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. ఎన్ని మంచాలున్నా జిల్లాలోని రోగులకు అవి ఏ మూలకూ చాలవు. పైగా ఏడాది పాటు మంచం మీద ఉండగల రైతు ఎవరు? ఈ ప్రశ్నకు 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన జవాబు చెప్పింది. పేద కుటుంబాలకు చెందిన 193 మంది రోగుల్లో కొందరిని శానిటోరియంలో, కొందరిని ఇంటి దగ్గరే ఉంచి, ఇద్దరికీ ఐసోనియాజిడ్, పాస్ అనే రెండు మందులు ఏడాది పాటు ఇచ్చారు. ఇరుకు ఇళ్ళలో, చాలీచాలని తిండితో ఉన్నవారు కూడా దాదాపు అంత బాగానూ కోలుకున్నారని 1959లో ప్రకటించారు. మందు సక్రమంగా అందితే చాలు, మంచం అక్కరలేదు.

అదే 1959లో బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. దేశమంతటికీ పనికొచ్చే జిల్లా క్షయ కార్యక్రమాన్ని రూపొందించినప్పుడు, 1961లో తొలి నమూనా జిల్లా కేంద్రంగా నిలిచింది అనంతపురం. 1962లో మొదలైన జాతీయ క్షయ కార్యక్రమానికి జిల్లాయే మూల ఘటకం. పద్ధతి చూడటానికి సాదాగా ఉంటుంది. జిల్లా కేంద్రంలో ఎక్స్‌రే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కఫం పరీక్ష, నెలకోసారి ఉచితంగా మందు, ప్రతి రోగికీ ఒక కార్డు. చెప్పిన తేదీకి రోగి రాకపోతే ఒక ఉత్తరం, అప్పటికీ రాకపోతే ఇంటికి ఒక మనిషి. క్షయకు వేరే ఆసుపత్రి కట్టకుండా, మామూలు జ్వరాలు చూసే కేంద్రంలోనే క్షయను పట్టుకోవడం ఇందులో అసలు ఆలోచన.

ఇదే కాలంలో అనంతపురానికి ఆనుకుని ఉన్న కర్ణాటకలోని తుముకూరు జిల్లాలో బెంగళూరు సంస్థకు చెందిన బెనర్జీ, ఆండర్సన్ ఒక సర్వే చేశారు. ఆ జిల్లాలోని పావగడ తాలూకాలో తెలుగు మాట్లాడేవారే ఎక్కువ. మడకశిర, కళ్యాణదుర్గం వైపు పల్లెలకూ ఆ పల్లెలకూ పెద్ద తేడా ఉండదు. 1963లో వచ్చిన వారి వ్యాసం ఒక పాత నమ్మకాన్ని తలకిందులు చేసింది. క్షయ ఉన్నవారిలో అధిక సంఖ్యాకులకు తమ లక్షణాలు తెలుసు. సగానికి పైగా మంది అప్పటికే ఏదో ఒక వైద్యం కోసం వెళ్ళారు. ఆసుపత్రికి వెళ్ళినవారికి కఫం పరీక్ష జరగలేదు, దగ్గు మందు సీసా ఇచ్చి పంపేశారు. అంటే తెలియనిది రోగికి కాదు, రోగిని చూసిన వ్యవస్థకు. ఈ పాఠంలో ఒక్క విషయమే గుర్తుంచుకోగలిగితే ఈ సర్వేను గుర్తుంచుకోండి.

ఇక రెండో సమస్య. రెండు మూడు నెలల మందుతో దగ్గు తగ్గుతుంది, ఒళ్ళు పట్టుకుంటుంది. పాస్ బిళ్ళలు గుప్పెడు మింగాలి, వికారం పుడుతుంది. అప్పుడే వాన పడుతుంది, లేదా పని వెతుక్కుంటూ ఊరు విడవాల్సి వస్తుంది. కార్డు మీద తేదీ దాటిపోతుంది. 1992లో జాతీయ కార్యక్రమాన్ని సమీక్షించినప్పుడు మందు పూర్తి చేస్తున్నవారు సగం కంటే తక్కువేనని తేలింది. దాని ఫలితమే 1993లో ప్రయోగాత్మకంగా మొదలై 1997 నుంచి విస్తరించిన సవరించిన కార్యక్రమం. అందులో ఒక కార్యకర్త కళ్ళెదుట మందు మింగించే పద్ధతి ప్రధానమైంది.

మీరు చేయండి: మీ ఇంట్లో లేదా వీధిలో 70 ఏళ్ళు దాటిన ఒకరిని అడిగి, వారు మొదటిసారి సూది మందు ఎప్పుడు, ఎవరి దగ్గర, ఏ జబ్బుకు వేయించుకున్నారో పది వాక్యాల్లో రాయండి. వారు ఆ రోజు ఎంత దూరం నడిచారో అడగడం మరవకండి.

5. సూది, పొట్లం, మెడికల్ షాపు

క్షయకు కార్డు, తేదీ, ఉత్తరం ఉన్నాయి. మామూలు జ్వరానికి ఏవీ లేవు. ఆ ఖాళీలోకి వచ్చినవాడు ఆర్‌ఎంపీ. ఈ మూడక్షరాలకు అసలు అర్థం నమోదైన వైద్యుడు. వలస పాలనలో, 1914 నాటి మద్రాసు వైద్య నమోదు చట్టం వంటి చట్టాల నుంచి వచ్చిన మాట ఇది. మన పల్లెల్లో అది నమోదు కాని వైద్యుడికి పేరుగా స్థిరపడటం భాష చేసిన చమత్కారం.

అతన్ని దొంగ డాక్టరని తిట్టి ఊరుకోవడం చరిత్రకారుడికి తగదు. అర్ధరాత్రి తలుపు తడితే వస్తాడు, డబ్బు పంట తర్వాత ఇమ్మంటాడు, రోగి తల్లిదండ్రుల పేర్లు కూడా తెలుసు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం తెరిచి ఉండే వేళలు, కూలి పని వేళలు ఒకటే; ఆర్‌ఎంపీ వేళలు పని అయ్యాక మొదలవుతాయి. కానీ అతనికి పరీక్షలు లేవు, పై చదువు లేదు. తెల్లారి రోగి పనికి పోగలగాలి, లేకపోతే వచ్చేసారి ఇంకొకరి దగ్గరికి పోతాడు. అందుకని ఒక సూది, కాగితంలో కట్టిన పొట్లంలో జ్వరం బిళ్ళ, ఒక స్టెరాయిడ్, రెండు యాంటీబయాటిక్ గొట్టాలు. రెండు రోజులకే సరిపడా, ఎందుకంటే చేతిలో ఉన్న డబ్బు అంతే. వైరల్ జ్వరం తనంతట తాను తగ్గినా పేరు సూదికే వస్తుంది. 2008–09 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వీరికి శిక్షణ ఇచ్చి ఆరోగ్య సహాయకులుగా గుర్తించే ప్రయత్నం చేసింది. డాక్టర్ల సంఘాలు వ్యతిరేకించాయి. ఆ తగవు నేటికీ తెగలేదు.

అయితే చదువుకున్న డాక్టర్లు ఈ విషయంలో వేరుగా ఉన్నారనుకోకండి. 1969 నుంచి ఈ జిల్లాలో పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్‌కు బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లులో ఆసుపత్రులున్నాయి. బత్తలపల్లి వైద్యులు గ్రామీణ ఆసుపత్రిలో యాంటీబయాటిక్‌ల వాడకాన్ని లెక్కగట్టి 2014లో ప్రచురించారు. వాడకం చాలా ఎక్కువగా ఉందన్నదే ఆ వ్యాసం సారాంశం, శీర్షిక కూడా. తమ చీటీలను తామే లెక్కపెట్టి బయటపెట్టిన ఆసుపత్రులు మన దేశంలో తక్కువ.

6. టైఫాయిడ్ చెప్పే కథ

మందులు ఒకదాని తర్వాత ఒకటి ఎలా చేజారుతాయో టైఫాయిడ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. 1948లో క్లోరాంఫెనికాల్ వచ్చేదాకా ఈ జ్వరం మూడు నాలుగు వారాల గండం. 1972లో కేరళలోని కోజికోడ్‌లో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ బయటపడింది. 1990 నాటికి దేశంలో చాలాచోట్ల పాత మందులు మూడూ పనిచేయని పరిస్థితి. అప్పుడు సిప్రోఫ్లాక్ససిన్ ఆదుకుంది, పదిహేనేళ్ళు గడిచేసరికి అదీ బలహీనపడింది. ఇప్పుడు సెఫ్ట్రియాక్సోన్ సూది, అజిత్రోమైసిన్ మీద ఆధారపడుతున్నాం. పాత క్లోరాంఫెనికాల్‌ను చాలాకాలం పక్కన పెట్టాక దానికి క్రిములు మళ్ళీ చాలావరకు లొంగుతున్నాయన్నది ఈ కథలో ఆసక్తికరమైన మలుపు.

ఇంత మందు నిజంగా టైఫాయిడ్‌కే పోయిందా? కాదు. 1896 నాటి వైడల్ పరీక్షను మన చిన్న ల్యాబుల్లో ఇప్పటికీ చేస్తున్నారు. టైఫాయిడ్ తరచూ వచ్చే ప్రాంతంలో పాత జబ్బు గుర్తులు రక్తంలో మిగిలే ఉంటాయి కాబట్టి ఒక్కసారి చేసిన వైడల్‌ను నమ్మడానికి లేదు. మందు మొదలుపెట్టకముందు తీసిన రక్తాన్ని కల్చర్ చేయాలి. ఆ సౌకర్యం పల్లెకు దూరం. అందువల్ల ఏ జ్వరమైనా "టైఫాయిడ్ కలిసింది" అనిపించుకుని వారం రోజుల సూదులతో ముగుస్తుంది. రాయలసీమలో కనిపించే స్క్రబ్ టైఫస్ జ్వరానికి ఆ సూది పనిచేయదు. దానికి కావలసింది చవకైన డాక్సీసైక్లిన్, సుబ్బారావు కాలంలో మొదలైన కుటుంబంలోని మందు. ఖరీదైన సూదులు వారం పడినా తగ్గక, ఊపిరి ఆడని స్థితిలో పట్నం చేరే రోగి కథ ఇది.

మందులు తయారయ్యే చోటనూ ఒక మచ్చ ఉంది. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుంచి వెలువడే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. క్రిములు మందును తట్టుకోవడం రోగి ఒంట్లోనే కాదు, వాగులో కూడా నేర్చుకుంటాయి.

7. మామూలు జబ్బులు: ఇప్పటి అవగాహన

పెద్దవాళ్ళలో జలుబు, గొంతునొప్పి చాలావరకు వైరస్‌ల వల్లే. దగ్గుతో కూడిన బ్రాంకైటిస్ మూడు వారాల దాకా లాగుతుంది; యాంటీబయాటిక్ దాన్ని చెప్పుకోదగినంతగా కుదించదు. రెండు వారాలు దాటిన దగ్గుకు కావలసింది మరో రకం గొట్టాలు కాదు, కఫం పరీక్ష. 1963 నాటి తప్పు ఇక్కడే పొంచి ఉంటుంది. సీసా స్థానంలో యాంటీబయాటిక్ వచ్చిందంతే. లీవోఫ్లాక్ససిన్ వంటివైతే క్షయను కొంతకాలం కప్పిపెట్టి మరింత ఆలస్యం చేస్తాయి. నీళ్ళ విరేచనాలకు ఓఆర్ఎస్ ప్రాణం. రక్తం పడితే, జ్వరం తీవ్రంగా ఉంటే అప్పుడు యాంటీబయాటిక్ గురించి ఆలోచిస్తారు. మూత్రంలో మంటకు మాత్రం సాధారణంగా మందు అవసరమే. చేలో మరుగు లేక, నీళ్ళు తాగడం తగ్గించుకుని పనిచేసే ఆడవాళ్ళకు ఈ బాధ బాగా తెలుసు. గర్భం, ఇతర చిక్కులు లేనివారికి నైట్రోఫ్యూరాంటాయిన్ వంటి పాత మందు ఐదు రోజులు చాలు. న్యుమోనియా అనుమానం ఉంటే, అంటే ఆయాసం, అధిక జ్వరం, తికమక ఉంటే, ఆలస్యం లేకుండా ఇవ్వాలి.

భారత వైద్య పరిశోధన మండలి 2022లో ఇచ్చిన సూచనల్లో స్వల్ప జ్వరానికి, వైరల్ బ్రాంకైటిస్‌కు ఈ మందులు వద్దని, ఇంటి దగ్గర వచ్చిన న్యుమోనియాకు ఐదు రోజులు చాలునని ఉంది. కోర్సు ఎంత పొడవైతే అంత మంచిదనే పాత భావన క్షయకు సరిపోతుంది, అన్నిటికీ సరిపోదు. ఎన్ని రోజులన్నది డాక్టరు జబ్బును బట్టి చెప్పాలి. రోగి తనకు తానుగా తగ్గించుకోవడం, మిగిలిన బిళ్ళలు దాచి మరొకరికి ఇవ్వడం వేరే సంగతి.

8. చట్టం, ఎర్ర గీత, రిజిస్టర్

1940 నాటి మందుల చట్టం, 1945 నాటి నిబంధనల కింద యాంటీబయాటిక్‌లు షెడ్యూల్ హెచ్‌లోకి వస్తాయి: డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమలు ఎంతవరకో మీకు తెలుసు. 2011లో మరింత కఠినమైన ప్రతిపాదన వచ్చి వెనక్కి పోయింది. డాక్టరే లేని ఊళ్ళో చీటీ ఎక్కడి నుంచి తేవాలన్నది అప్పటి అభ్యంతరాల్లో ఒకటి, తేలిగ్గా తోసిపుచ్చలేనిది. చివరికి 2013 ఆగస్టులో ప్రకటించి 2014 మార్చి 1 నుంచి అమలు చేసిన షెడ్యూల్ హెచ్1 లో 46 మందులు చేరాయి. అందులో సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, లీవోఫ్లాక్ససిన్, క్షయ మందులు ఉన్నాయి. అమాక్సిసిలిన్, అజిత్రోమైసిన్, సిప్రోఫ్లాక్ససిన్ లేవు. కోవిడ్ కాలంలో ఇంటింటా చేరిన అజిత్రోమైసిన్‌కు ఈ రిజిస్టర్ అడ్డం రాలేదు. 2016లో అట్టల మీది ఎర్ర గీత గురించి ప్రచారం మొదలైంది. ఈ పుస్తకం పక్కన పెట్టి మీ ఇంట్లోని ఒక అట్టను తిప్పి చూడండి.

హెచ్1 మందు అమ్మిన షాపు ఒక రిజిస్టర్‌లో డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారు అనేవి రాసి మూడేళ్ళు భద్రపరచాలి. జబ్బు ఏమిటో రాయడానికి అందులో గడి లేదు. ఏ కారణంతో యాంటీబయాటిక్ ఇస్తున్నారో చీటీ మీదే రాయాలని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ 2024 జనవరిలో డాక్టర్లను లేఖ ద్వారా కోరింది. 1961లో అనంతపురంలో మొదలైన పద్ధతిలో మందుతో పాటు రోగికి ఒక తేదీ కూడా ఇచ్చేవారు. ఆ తేదీకి రాకపోతే ఉత్తరం వెళ్ళేది. జ్వరానికి పొట్లం కట్టించుకుని వెళ్ళిన మనిషికి మూడో రోజు ఎలా ఉందో అడిగే ఉత్తరం మాత్రం ఇంకా ఎవరూ రాయడం లేదు.